తెరమీది తుపాకి, చేతిలోని తుపాకి

మనకు తెలిసిన విషయములు కొన్ని. తెలిసినవని తోచు విషయములు మరికొన్ని. ఈ రెంటికి నడుమ నున్న దూరము ఒక్కొక్కచోట బెత్తెడు మాత్రమే యుండును. ఒక్కొక్కచోట ఆమడ దూర ముండును. గట్టున నిలిచి బావిలోనికి తొంగి చూచినవాడు నీరున్నదని చెప్పగలడు గాని, అడుగున బురద యున్నదో రాయి యున్నదో చెప్పజాలడు. చూపువలన మాత్రమే కలుగు తెలివి అట్టిది. ఈ కాలమున అట్టి తెలివి మిక్కిలిగా పెరిగిన విషయ మొకటి కలదు. అది తుపాకిని గూర్చినది. సెల్‌ఫోనులలోను కంప్యూటరులలోను ఆడు ఆటలవలన తుపాకులను గూర్చి విద్యార్థులకు నిజముగా తెలియుచున్న దేమి, తెలిసినట్లు తోచుచున్న దేమి యని ఈ వ్యాసమున విచారింప దలచితిమి.

మన తాతల కాలమున హోసూరు, కృష్ణగిరి ప్రాంతములందు తుపాకిని దగ్గరనుండి చూచినవారు తక్కువ. పోలీసు ఠాణాలోని రైఫిలు, బ్యాంకు వాకిట కాపలావాని భుజముమీది తుపాకి, జాతరలో బుడగలను కాల్చు గాలి తుపాకి - పట్టణమున నుండువారు ఎరిగినవి ఇంతియే. వాని పేర్లు వారికి తెలియవు. తెలియవలెనని వారికి తోపనులేదు. నేడట్లు కాదు. 2018లో పబ్‌జీ అను ఆట సెల్‌ఫోనులలోనికి వచ్చెను. నూరుగురు ఆటగాండ్రు ఒక దీవిలో దిగి, దొరికిన ఆయుధములను చేపట్టి, కడవరకు బ్రతికి నిలుచుటయే ఈ ఆటయొక్క లక్ష్యము. 2020 సెప్టెంబరు 2వ తేదీన భారత ప్రభుత్వము 118 యాప్‌లను నిషేధించినపుడు అందు ఇదియు నొకటిగా నుండెను. 2021 జూలైలో అదియే బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా అను పేరుతో మరల వచ్చెను. 2022 జూలైలో తొలగింపబడి, 2023 మే నెలలో తిరిగి ప్రవేశించెను. ఫ్రీ ఫైర్ అను మరియొక ఆట 2022 ఫిబ్రవరిలో నిషేధింపబడెను. ఆటలు పోవుచు వచ్చుచు నున్నను, అవి నేర్పిన పేర్లు మాత్రము పోలేదు. ఏ.కే.ఎం., ఎస్.ఎల్.ఆర్., ఏ.డబ్ల్యూ.ఎం., కార్ 98 - ఈ పేర్లను ఎక్కము అప్పగించినట్లు అప్పగించు బాలురు నేడు ప్రతి ఊరను గలరు.

ఆటలవలన తెలియున దేమియు లేదనుట న్యాయము కాదు. ఏ తుపాకి ఏ ఆకారమున నుండునో, ఏది ఒక్కొక్క గుండును మాత్రమే పేల్చునో, ఏది వరుసగా పేల్చునో ఆటగాడు చక్కగా గుర్తింపగలడు. ఏ.కే. రకపు తుపాకిలో సాధారణముగా 30 తూటా లుండునని అతడు చెప్పిన మాట నిజమే. దూరమునకు పోవు గుండు భూమివైపునకు జారునని కొన్ని ఆటలు చూపుచున్నవి. అదియు నిజమే. ఏ.కే. తుపాకి గుండు 300 మీటర్ల దూరము పోవుటకు సుమారు అర సెకను పట్టును. ఆ అర సెకనులో, చేతినుండి జారవిడిచిన రాయివలెనే, అది సుమారు 1.2 మీటర్లు క్రిందికి జారును. భౌతికశాస్త్రమున మనము చదువు సూత్రమే ఇచ్చటను పనిచేయుచున్నది. ఇట్టి సంగతులను ఆట మన కండ్లకు గట్టునట్లు చూపినపుడు దానిని మెచ్చవలసినదే.

అయితే ఆట ఏ యే సంగతులను విడిచిపెట్టుచున్నదో చూతము. చిక్కంతయు అచ్చటనే యున్నది.

మొదటిది బరువు. ఏ.కే.ఎం. తుపాకి నిండు తూటాలతో సుమారు 4 కిలోలు తూగును. ఆటగాడు అట్టివి రెండు వీపున వేసికొనును; మూడువందల తూటాలను సంచిలో నుంచుకొనును. ఆ తూటా ఒక్కొక్కటి సుమారు 16 గ్రాములు; మూడువంద లైనచో దాదాపు 5 కిలోలు. తుపాకులతో కలిపి 13 కిలోలు. దీనిపై టోపీ, కవచము, మందుల పెట్టె. ఈ బరువుతో ఆటలోని వాడు గోడలు దుమికి, కిటికీలనుండి ఉరికి, మైదానములు దాటి పరుగెత్తును, అలసట యెరుగడు. బరువైన పుస్తకముల సంచితో బస్సునకై పరుగెత్తిన విద్యార్థులే ఇందలి నిజానిజములను నిర్ణయింపగలరు.

రెండవది తన్ను. తుపాకి పేలినపుడు గుండు ముందునకు పోవును, తుపాకి వెనుకకు వచ్చును. ఇది న్యూటను మూడవ సూత్రము. ఏ.కే. గుండు బరువు సుమారు 8 గ్రాములు, వేగము సెకనుకు సుమారు 715 మీటర్లు. ఈ రెంటిని గుణించి 4 కిలోల తుపాకికి పంచినచో, తుపాకి సెకనుకు దాదాపు 1.4 మీటర్ల వేగముతో భుజమును తాకునని తేలును. వెలువడు వాయువుల త్రోపు దీనికి అదనము. ఒక్క గుండునకే ఇంత; వరుసగా పేల్చినపుడు ఈ తన్ను నిమిషమునకు 600 వంతున వచ్చును. ఆటలో దీనికి బదులు తెరమీది గురి కొంచెము పైకి లేచును. బొటనవ్రేలితో క్రిందికి లాగిన సరిపోవును. అక్కడ కదలునది బొమ్మ. ఇక్కడ అదురునది ఎముక.

మూడవది చప్పుడు. రైఫిలు పేలినపుడు కలుగు ధ్వని 150 డెసిబెల్సుకు మించును. 140 డెసిబెల్సు దాటిన పేలుడు ఒక్కమారు విన్నను చెవికి శాశ్వతమైన హాని కలుగవచ్చును. ఆటలోను చలనచిత్రములలోను తుపాకి కొనకు ఒక గొట్టమును బిగించినంతనే పేలుడు చప్పుడు పిల్లి తుమ్మినట్లు వినిపించును. నిజమునకు ఆ గొట్టము 20 నుండి 35 డెసిబెల్సు వరకే తగ్గింపగలదు. మిగిలిన చప్పుడు ప్రక్క వీధికి వినబడుటకు చాలును. మరియు గుండు ధ్వనికంటె వేగముగా పోవునపుడు గాలిని చీల్చుటవలన మరియొక చిటపట శబ్దము పుట్టును. దానిని ఏ గొట్టమును ఆపలేదు. ధ్వని 300 మీటర్లు పోవుటకు దాదాపు 0.9 సెకను పట్టును. గుండునకు అర సెకను చాలును. అనగా దెబ్బ తగిలిన పిమ్మటనే చప్పుడు వినబడును.

నాలుగవది తూటా. తూటా యనగా ఒక్క వస్తువు కాదు. ఇత్తడి లేక ఉక్కు తొడుగు, దాని అడుగున నిప్పు పుట్టించు చిన్న టోపీ, లోపల మందు, కొనయందు గుండు - ఈ నాలుగింటి కూడికయే తూటా. పబ్‌జీ ఆటలో 7.62 అను పెట్టె దొరికినచో అది ఏ.కే.ఎం.కును, ఎస్.ఎల్.ఆర్.కును, కార్ 98కును సమానముగా సరిపోవును. నిజమున 7.62 మిల్లీమీటర్లనునది తుపాకి గొట్టపు లోపలి అడ్డుకొలత మాత్రమే. ఏ.కే.ఎం. తూటా తొడుగు పొడవు 39 మిల్లీమీటర్లు. మన సైన్యము చిరకాలము వాడిన ఎస్.ఎల్.ఆర్. తూటా తొడుగు పొడవు 51 మిల్లీమీటర్లు. ఒకదానిది మరియొకదానికి పట్టదు. జర్మనుల కార్ 98 తుపాకి అసలు 7.62 తూటాలను వాడునదే కాదు. దాని తూటా కొలత 7.92. "ఎనిమిదవ నెంబరు చెప్పు ఎవరి కాలికైనను సరిపోవును" అని చెప్పులు కుట్టువానితో అనిన నవ్వును గదా! ఆటయందు సౌలభ్యమునకై చేసిన ఈ ఏర్పాటును నిజమని నమ్మినవాడును అట్లే నవ్వులపాలగును.

ఐదవది గాయము. ఆటలో గుండు తగిలినవాడు పట్టీ చుట్టుకొని కొన్ని క్షణములు కూర్చున్నచో మరల లేచి పరుగెత్తును. వీపున వ్రేలాడు పెనము రైఫిలు గుండును సైతము త్రిప్పికొట్టును. ఇంటిలో దోసెలు పోయు పెనమునకు అట్టి శక్తి లేదని చెప్పనక్కరలేదు. గుండు తగిలిన మనుష్యుడు రక్తము కోల్పోవును, ఎముక చితుకును, బ్రతికినను పలుమారులు శస్త్రచికిత్స కావలసివచ్చును, కాలో చేయో మునుపటివలె పనిచేయకపోవచ్చును. మరల మొదలుపెట్టు మీట ఆటకే గాని ప్రాణమునకు లేదు.

పై అయిదును తెలియకున్నను పెద్ద నష్టము లేదని కొందరనవచ్చును. తుపాకి పట్టనివానికి దాని బరువు తెలియకున్న నేమి? నిజమే. కాని ఆరవది యొకటి కలదు. దానిని తెలియకపోవుటవలన ప్రాణమునకే ముప్పు.

తూటాలను నింపెడు పెట్టెకు మ్యాగజైను అని పేరు. ఈ మాటకు మూలము అరబ్బీ భాషలోని మఖ్‌జన్. అనగా సరుకు దాచు కొట్టు. రచనలను దాచు కొట్టు గనుక మన పాఠశాల పత్రికకును ఆ పేరే వచ్చినది. ఆటలో మ్యాగజైనే సర్వస్వము. తెరమూలను ఒక అంకె కనబడుచుండును. అది సున్న యైనచో తుపాకి ఖాళీ. సగము వాడిన మ్యాగజైనును మార్చినను అందలి తూటాలు నష్టము కావు; వానియంతట అవియే సంచిలోని లెక్కలో చేరిపోవును. నిజమైన తుపాకికి అట్టి అంకె ఏదియు లేదు. అంతేకాదు, మ్యాగజైను ఊడదీసిన తరువాతను గొట్టము మొదట నుండు చిన్న గదిలో ఒక తూటా నిలిచి యుండవచ్చును. దానికి ఛాంబరు అని పేరు. మీట నొక్కినచో ఆ ఒక్క తూటా పేలవచ్చును. "మ్యాగజైను తీసివేసితిని గదా, ఇది ఖాళీదే" అనుకొని స్నేహితునివైపు త్రిప్పి వినోదమునకు మీట నొక్కుటవలన కలిగిన మరణములు లోకమున అనేకములు. ఆ చేతికి తుపాకి బొత్తిగా తెలియకుండినచో భయపడి దూరముగా నుండెడిది. సగము తెలియుటవలననే అది ముందునకు సాగినది.

ఈ సంగతి మన జిల్లాకు మరింత దగ్గరది. డెంకణికోట, అంచెట్టి, తళి ప్రాంతముల అడవి అంచు గ్రామములలో నాటు తుపాకు లుండుట కలదు. పంటను పాడుచేయు అడవిపందులను తరుముటకనియు, దొంగతనముగా వేటాడుటకనియు వానిని కొందరు ఉంచుకొందురు. అనుమతి లేని తుపాకులను తామై అప్పగింపవలసినదని పోలీసువారు గ్రామములలో చాటించుటయు, ఊరివారు తెచ్చి యిచ్చుటయు మన జిల్లాలో జరిగినవి. ఈ తుపాకులు చాలవరకు గొట్టము మూతినుండి నింపెడు రకమునకు చెందినవి. గొట్టములో మందు పోసి, గుడ్డపీలికయో నారయో కూరి, గుండునో రవ్వలనో వేసి, కడ్డీతో దట్టింతురు. 1791లో కారన్‌వాలీసు సైన్యము టిప్పు సుల్తానుతో యుద్ధము చేయుచు జూలైలో హోసూరు, రాయకోటలను పట్టుకొని, నవంబరులో కృష్ణగిరి పైకోటను పట్టబోయి విఫలమైనపుడు ఇరువైపుల సిపాయిలు వాడిన తుపాకులును ఈ విధముగా నింపునవే. బాగుగా తరిఫీదు పొందిన సిపాయియు నిమిషమునకు మూడు నాలుగుమారులకంటె కాల్చలేకుండెను. వాన కురిసినచో అదియు లేదు.

ఇప్పుడు ఆలోచింపుడు. ప్రపంచములోని తుపాకుల పేర్లన్నియు ఎరిగిన బాలుడొకడు సెలవులలో బంధువుల యూరికి పోవును. అచ్చట చూరులో చెక్కిన నాటు తుపాకి యొకటి కనబడును. దానికి మ్యాగజైను లేదు. తెరమూల అంకెయు లేదు. మందును గుండును గొట్టము అడుగున కూర్చున్నవి గనుక నిండినదో లేదో పైకి తెలియదు. మొన్నటి రేయి పందికొరకు నింపి కాల్చక విడిచినది కావచ్చును. మందు పాళ్లు తప్పియుండవచ్చును. గొట్టము త్రుప్పు పట్టి పగులుటకు సిద్ధముగా నుండవచ్చును. ఏ కమ్మరమో తయారుచేసిన మీట చేయి తగిలినంతనే జారవచ్చును. ఆటలో నేర్చిన పేర్లలో ఒక్కటియు ఇచ్చట అక్కరకు రాదు. అయినను "తుపాకులు నాకు తెలియును" అను ధైర్యము మాత్రము వానితో కూడ ఆ చూరువరకు వచ్చును. ప్రమాదము ఆ ధైర్యమున నున్నది.

తెలియనిది తెలిసినట్లు తోచుట కేవలము బాలుర దోషము కాదు. అది మనుష్యుని బుద్ధికే సహజమైనది. 2002లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమునకు చెందిన రోజెన్‌బ్లిట్, కైల్ అను పరిశోధకులు దీనిని పరీక్షించిరి. తాళము, జిప్పు మొదలగు వస్తువులు ఎట్లు పనిచేయునో మీకు ఎంత తెలియునని మొదట అడిగిరి. పలువురు బాగుగా తెలియుననిరి. పిమ్మట ఒక్కొక్క అడుగుగా వివరింపుడనిరి. వివరింపబూనిన తరువాత వారే తమకు తెలిసినది తక్కువయని ఒప్పుకొనిరి. 2018లో చికాగో విశ్వవిద్యాలయమునకు చెందిన కార్డాస్, ఓబ్రయన్ అనువారు మరియొక పరీక్ష చేసిరి. బల్లమీది పాత్రలు కదలకుండ క్రింది గుడ్డను లాగుట, బాణపుముల్లును గురికి విసరుట మొదలగు పనుల చలనచిత్రములను కొందరికి ఒకమారు, కొందరికి ఇరువదిమారులు చూపిరి. అనేకమారులు చూచినవారికి తాము చేయగలమను నమ్మకము పెరిగెను. చేయించి చూడగా నైపుణ్యము మాత్రము పెరగలేదు. తుపాకి ఆటలో మనము వేలమారులు మీట నొక్కుదుము. నమ్మకము ఎంత పెరుగునో ఊహించుకొనవచ్చును.

దీనికి ఎదురుమాట చెప్పు పరిశోధన యొకటి 2012లో వెలువడెను. పిస్తోలు ఆకారపు పరికరముతో కాల్పుల ఆట ఆడినవారు నిజమైన గురిపందెమునను బొమ్మతలకు ఎక్కువగా గురిపెట్టి కొట్టగలిగిరని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయపు పరిశోధకులు వ్రాసిరి. ఈ మాట లోకమంతటను వ్యాపించెను. పిమ్మట అందలి లెక్కలు పొంతన లేకుండుటను, వానిని సరిచూచుటకు మూలపత్రములు దొరకకపోవుటను, 2017లో ఆ వ్యాసమును ప్రచురించిన పత్రికయే దానిని ఉపసంహరించెను. కావున ఆటవలన గురి కుదురుననుటకు ఆ వ్యాసమును సాక్ష్యముగా చూపువారిని నమ్మరాదు. ఆటలు ఆడినవారందరు హంతకులగుదురని చెప్పువారితోను మేము ఏకీభవింపము. మేము చెప్పునది అంతకంటె చిన్న మాట: ఆట మనకు ఇచ్చు ధైర్యము, అది ఇచ్చు తెలివికంటె పెద్దది.

తెలుగునాట తుపాకి రాముడని ఒక వినోదపాత్ర కలదు. పిట్టలదొర యనియు పిలుతురు. ఖాకీ దుస్తులు తొడిగి, కొయ్యతుపాకి భుజమున వేసికొని, ఇంటింటి ముందర నిలిచి, తాను చంపిన పులులను గూర్చియు ఏలిన రాజ్యములను గూర్చియు కోతలు కోయుచు జనులను నవ్వించి నాలుగు గింజలు సంపాదించుకొనువాడు. ఆ కోతలు ఎవ్వరికిని కీడు చేయలేదు. ఏలయన తుపాకి కొయ్యదని వానికి తెలియును, వినువారికిని తెలియును. మన చేతిలోని తెరయు కొయ్యతుపాకివంటిదే. అది కొయ్యదని మరువనంతవరకు వినోదమే. మరచిన క్షణమున కోత కోతగా నిలువదు.

నిజముగా తుపాకి నేర్చుట యెట్లుండునో తెలియగోరువారు ఎన్.సి.సి. విద్యార్థులను చూడవలెను. 1948లో ఏర్పడిన ఈ దళమున కాల్పుల పాఠము పేర్లతో మొదలు కాదు; క్రమశిక్షణతో మొదలగును. ప్రతి తుపాకియు నిండియున్నదిగానే భావింపవలెను. మనుష్యునివైపు మూతి త్రిప్పరాదు. కాల్చుమని ఆజ్ఞ వచ్చువరకు వ్రేలు మీటపై నుంచరాదు. ఈ నియమములు నరనరమున పట్టిన తరువాతనే, శిక్షకుని కన్నుల యెదుట, చిన్న .22 రైఫిలుతో కొలది తూటాలు పేల్చనిత్తురు. క్రీడగా నేర్చువారి సాధన ఇంకను కఠినము. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో 10 మీటర్ల గాలి రైఫిలు పోటీయందు కాంస్య పతకము గెలిచెను. ఆ పోటీలో గురిపలక నడుమ నుండు పది మార్కుల చుక్క అర మిల్లీమీటరు మాత్రమే. పెన్సిలుతో పెట్టిన చుక్కయంత. దానిని కొట్టుటకు ఊపిరిని, నిలుకడను, మనస్సును అదుపున బెట్టుట ఏండ్లకొలది నేర్వవలెను. చట్టము సంగతియు తెలిసికొనదగినది. 1959 ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేక తుపాకి ఉంచుకొనుట నేరము. 21 ఏండ్లు నిండనివారికి లైసెన్సు ఈయరు.

కావున సోదర విద్యార్థులారా! ఆట ఆడుటయా మానుటయా యనునది మీ తల్లిదండ్రులతో మాటలాడి నిర్ణయించుకొనుడు. మేము కోరునది రెండే. ఒకటి: ఏ విషయమైనను మీకు తెలియునని తోచినపుడు దానిని తెలియనివానికి మొదటినుండి చివరవరకు వివరించి చూడుడు. ఎచ్చట మాట ఆగునో అచ్చట మీ తెలివికి హద్దు. ఇది తుపాకికే గాక లెక్కలకు, సైన్సునకు, చరిత్రకును వర్తించును. రెండు: ఎచ్చటనైనను నిజమైన తుపాకి కంటబడినచో తాకకుడు, తాకనీయకుడు, వెంటనే పెద్దలకు చెప్పుడు. ఖాళీదని ఎవ్వరు చెప్పినను నిండినదనియే ఎంచుడు. తుపాకిని నిజముగా ఎరిగినవారు మొదట నేర్చునదియు, కడవరకు మరువనిదియు ఈ ఒక్క పాఠమే. దీనిని ఏ ఆటయు నేర్పదు గనుక, మన పత్రికయందైన వ్రాయవలెనని తలచితిమి.